తోడుకోని పెరుగు

ఆ గురువారం కూడా మారెక్క గిన్నెలో పెరుగు తోడుకోలేదు.

గిన్నె మీద కట్టిన గుడ్డ విప్పి చూసింది ఇందుమతి. పైన పసుపు రంగు నీళ్ళు, అడుగున తెల్లటి పిండి. గిన్నె కొంచెం వంచితే రెండూ విడివిడిగా కదిలాయి. వాసన చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

“ఇది మూడోసారి మారెక్కా.”

“అవునమ్మా,” అంది మారెక్క.

“కాగితం మీద రాసిచ్చానా లేదా?”

“ఇచ్చినావమ్మా.”

“అందులో ఉన్నట్టు చేశావా?”

“చేసినా.”

“చేస్తే తోడుకోవాలి కదా. ఎందుకు తోడుకోదు? నేను చేస్తే ప్రతిసారీ తోడుకుంటుంది. నువ్వు చేస్తే ఒక్కసారీ తోడుకోదు. అంటే నువ్వు చెయ్యట్లేదు. చేశానని నాకు చెబుతున్నావు, అంతే.”

వసారాలో చుట్టూ కూర్చున్న పదిహేనుమంది ఆడవాళ్ళూ తలలు దించుకున్నారు. మారెక్క గిన్నె వంకే చూస్తూ కూర్చుంది. అది చూసి ఇందుమతికి ఇంకా కోపం వచ్చింది.

“నీకు శ్రద్ధ లేదు. శ్రద్ధ లేనివాళ్ళకు నేను చెప్పలేను. ఇంక ఈ గిన్నె పట్టుకుని నా దగ్గరికి రావద్దు.”

మారెక్క గిన్నెకు మళ్ళీ గుడ్డ కట్టింది. లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే దారిలో ఒక చిన్న ఊరు. ఊరి చివర పాత దర్గా, దాని పక్కనే ఫకీర్లు దిగే తకియా. అక్కడుండేది దస్తగిరి తాత. పుట్టింది దూదేకుల ఇంట్లో. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. తన గురువు పోయాక ఈ తకియాలో ఉండిపోయాడు. మాంసం తినడు, పాలు తాగడు. ఎందుకని ఎవరైనా అడిగితే “నాకు సరిపోయింది” అంటాడు తప్ప ఇంకో మాట చెప్పడు. పళ్ళపొడి, కుంకుడు పొడి, నలుగుపిండి, శెనక్కాయ విత్తనాలతో పాలు, పెరుగు, అన్నీ తనే చేసుకునేవాడు. వచ్చినవాళ్ళకు పెట్టేవాడు. ఎవరైనా ఎట్లా చేస్తారని అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని చేసేవాడు.

ఇందుమతి ఆయన దగ్గరికి వచ్చి రెండేళ్ళయింది. అంతకుముందు బెంగళూరులో ఒక తిండి పదార్థాల కంపెనీలో, పరీక్షలు చేసే గదిలో పన్నెండేళ్ళు పనిచేసింది. ఏ డబ్బాలో ఏం కలుస్తుందో కళ్ళారా చూసి చూసి, ఒకరోజు ఉద్యోగం మానేసింది. ఎవరో చెబితే తాతను చూడడానికి వచ్చి, ఆయన పెట్టిన కొర్రన్నం, శెనక్కాయ పెరుగు తిని, వెనక్కి వెళ్ళలేదు.

తాత పిడికిళ్ళతో, చిటికెలతో చేసే వాటన్నిటికీ ఆమె తూకాలు కట్టింది. ఎంత వేడి, ఎన్ని గంటలు, ఎన్ని చెంచాలు, అన్నీ రాసింది. వాటికి జిరాక్సు కాపీలు తీయించి, గురువారం గురువారం చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేర్పించడం మొదలుపెట్టింది. తాత వద్దనలేదు.

మొదట్లో ఆమెకు చాలా సంతోషంగా ఉండేది. తర్వాత తర్వాత గురువారం వస్తోందంటేనే తలనొప్పి. కుంకుడు రసం నేర్పిస్తే ఒకావిడ నురగ చాలలేదని అందులో బట్టల సబ్బుపొడి కలిపింది. పళ్ళపొడి నేర్పిస్తే ఇంకొకావిడ తెల్లగా ఉంటే బాగుంటుందని ముగ్గుపిండి వేసింది. నలుగుపిండికి పచ్చిపెసలు ఎండబెట్టమంటే ఒకావిడ నూనెలో వేయించి తెచ్చింది. ఇంటికి పోయాక పిల్లలు తినేశారట. చెప్పిందే చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు ఒక్కరూ చెయ్యరు. పైగా ప్రతివాళ్ళూ “చేసినామమ్మా” అంటారు.

మారెక్క వెళ్ళిపోయాక ఇందుమతికి ఇంక నేర్పించే ఓపిక లేకపోయింది. అందరినీ పంపించేసి తాత దగ్గరికి వెళ్ళింది.

తాత వేపచెట్టు కింద కూర్చుని, పాత దిండు కుట్టు విప్పి, ఉండకట్టిన దూదిని వేళ్ళతో విడదీస్తున్నాడు.

“తాతా, ఈ పని నా వల్ల కాదు,” అంది.

ఆయన తల ఎత్తలేదు. “ఏ పని?”

“వీళ్ళకు నేర్పించడం. రెండేళ్ళు చూశాను. నేర్చుకోవాలని వీళ్ళకు లేదు. వస్తారు, కూర్చుంటారు, తల ఊపుతారు, ఇంటికెళ్ళి వాళ్ళిష్టం వచ్చినట్టు చేస్తారు. చెడిపోతే నా మొహాన తెచ్చి పెడతారు. ఆ మారెక్క మూడుసార్లు తెచ్చింది.”

“విన్నాలే.”

“నేను గట్టిగా అన్నానని మీకు కోపం వచ్చిందా?”

“ఆ యమ్మకు పెరుగు ఎవరికోసరం?” అని అడిగాడు తాత.

“వాళ్ళాయనకు. పాలు పడవని ఆస్పత్రిలో చెప్పారట. తాగితే కడుపు పాడవుతుందట. పెరుగు లేనిదే ఆయనకు సంగటి దిగదట. నాలుగు నెలలుగా సరిగ్గా తినడం లేదని చెప్పింది.”

“చెప్పిందా.”

“మొదటి రోజే చెప్పింది.”

తాత దూది పక్కన పెట్టి లేచాడు. లోపలికి వెళ్ళి ఒక వెదురు బుట్ట తెచ్చాడు. అందులో రెండు శేర్ల శెనక్కాయ విత్తనాలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు ఉన్నాయి. బుట్ట ఆమె చేతికిచ్చాడు.

“మారెక్క ఇంటికి పో. ఆ ఇంట్లో పెరుగు తోడెయ్యి. తోడుకున్నాక రా.”

ఇందుమతి బుట్ట వంక చూసింది. “సరే. మిక్సీ తీసుకుని పొద్దున్నే వెళ్తాను.”

“ఆ యమ్మకు మిక్సీ ఉందా?”

“లేదు.”

“నీకెందుకు మరి?”

“వడగట్టడానికి సన్నగుడ్డ? వేడి చూసుకునే గొట్టం?”

తాత మళ్ళీ కూర్చుని దూది అందుకున్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. తప్పు చేసింది మారెక్క, శిక్ష నాకా అనుకుంది. ఆ విసురులోనే చెప్పులు వేసుకుని, ఆటో ఎక్కి, ఐదు మైళ్ళ అవతల ఉన్న మారెక్క పల్లెలో దిగింది.

బండలు నిలబెట్టి కట్టిన రెండు గదుల ఇల్లు. మారెక్క వాకిట్లో పుల్లలు విరుస్తోంది. ఇందుమతిని చూసి గబగబా లేచింది.

“ఏమైందమ్మా? నేనేమన్నా తప్పు చేసినానా?”

“తాత పంపించాడు. పెరుగు ఎట్లా తోడెయ్యాలో నీ ఇంట్లోనే చేసి చూపించమన్నాడు,” అంది ఇందుమతి. “చూస్తూ ఉండు. కాగితంలో ఉన్నట్టు చేస్తే ఎట్లా వస్తుందో నువ్వే చూస్తావు.”

లోపల గోడకు ఆనుకుని, కంబళి కప్పుకుని తిప్పన్న కూర్చున్నాడు. ఒకప్పుడు బావులు తవ్విన మనిషి. ఇప్పుడు మోకాళ్ళే కనబడుతున్నాయి.

“పెరుగు వస్తాదంటనా?” అని భార్యను అడిగాడు.

“వస్తాది. ఇందమ్మే వచ్చింది కదా,” అంది మారెక్క.

ఇందుమతి పనిలో దిగింది. విత్తనాలు నానబెట్టింది. పొట్టు తియ్యడానికి, కడగడానికి ఇంట్లో ఉన్న రెండు బిందెల మంచినీళ్ళలో ఒకటి పూర్తిగా వాడేసింది. రోటిలో రుబ్బడానికి కూర్చుంటే పదినిమిషాలకే భుజం పట్టేసింది. మారెక్క “ఇట్లియ్యమ్మా” అంటే వద్దంది. ఎంత రుబ్బినా పలుకు పలుకుగానే ఉంది. వడగట్టడానికి మారెక్క ఉతికిన పాత చీర ముక్క ఇచ్చింది. పాలు పొయ్యి మీద పెట్టింది. కట్టెల పొయ్యి మంట ఒకసారి చచ్చిపోయి, ఒకసారి భగ్గున లేచింది. ఆమె కళ్ళు తుడుచుకునేలోపు పాలు అడుగంటాయి.

అయినా రెండేళ్ళ చెయ్యి కదా అనుకుంది. గోరువెచ్చగా చల్లారాక, తోడుకు బదులు ఆరు మిరపకాయల తొడిమలు తుంచి వేసి, మూతపెట్టి, శుభ్రంగా తుడిచిన అరుగు మీద పెట్టింది.

పొద్దున్నే తిప్పన్న గొంతు వినబడింది. “తోడుకునిందా?”

ఇందుమతి మూత తీసింది. పైన పసుపు నీళ్ళు, అడుగున పిండి. మాడు వాసన ఒకటి అదనం.

“లేదు,” అంది.

“సరే,” అన్నాడు తిప్పన్న. సంగటి ముద్ద చిదిపి, కారం నంజుకుని, నీళ్ళు తాగుతూ నాలుగు ముక్కలు మింగాడు. మిగతాది పక్కకు నెట్టాడు.

“మీ పొయ్యి సరిగ్గా లేదు,” అంది ఇందుమతి మారెక్కతో.

“అవునమ్మా, పొగెక్కువ. నువ్వు తిను ముందు,” అని మారెక్క ఆమెకు సంగటి, చింతాకు పప్పు పెట్టింది. విరిగిన పాలను అంబలిలో కలిపేసింది. “పారెయ్యడమెందుకు, విత్తనాలే కదా.”

రెండోరోజు ఇందుమతి మంట దగ్గరే కూర్చుంది. అడుగంటనివ్వలేదు. చలికి తోడుకోలేదేమోనని ఈసారి గిన్నెను పొయ్యి గట్టు మీద నిప్పుల పక్కన పెట్టింది. పొద్దున చూస్తే పాలు ముద్దలు ముద్దలుగా విరిగి, గదంతా కంపు కొట్టింది.

“తోడుకునిందా?” అన్నాడు తిప్పన్న.

ఆ మాట వింటే ఆమెకు పిచ్చెక్కినట్టయింది. “లేదు తిప్పన్నా, లేదు. తోడుకుంటే నేనే చెబుతాను కదా.”

“సరే,” అన్నాడాయన.

బయటికి వచ్చేసరికి మారెక్క కనబడలేదు. రెండు గంటల తర్వాత నెత్తిన ఒక బిందె, చంకలో ఒక బిందెతో వచ్చింది. మంచినీళ్ళ కుళాయి మూడురోజులకొకసారి వస్తుందని, మొన్న వాడేసిన బిందెకు బదులు పక్క ఊరి ట్యాంకు దాకా నడిచి వెళ్ళి తెచ్చిందని పక్కింటి కోడలు చెబితే ఇందుమతికి తెలిసింది.

“నీళ్ళు తక్కువని చెప్పొచ్చు కదా మారెక్కా,” అంది.

“నువ్వు పని మీద ఉంటివి కదమ్మా,” అంది మారెక్క బిందె దించుతూ.

మూడోరోజు ఇందుమతి ఒక్క మాట మాట్లాడకుండా చేసింది. నీళ్ళు చూసి చూసి వాడింది. రెండుసార్లు రుబ్బింది, రెండుసార్లు వడగట్టింది. వేలు పెట్టి చూసి, మళ్ళీ చూసి, తొడిమలు వేసింది. గిన్నెను గది మధ్యలో, నిప్పుకు దూరంగా, తలుపుకు దూరంగా పెట్టి, తన శాలువా తీసి చుట్టింది. పుష్యమాసపు చలి. శాలువా లేకుండా ముడుచుకుని పడుకుంది.

తెల్లారగానే లేచి మూత తీసింది.

పాలు పాలుగానే ఉన్నాయి. విరగలేదు, తోడుకోలేదు. రాత్రి ఎట్లా పోసిందో అట్లాగే ఉన్నాయి.

“తోడుకునిందా?”

ఆమె మూత నేలకేసి కొట్టింది. అది దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి ఆగింది.

“ఈ ఇంట్లో ఎవరు చేసినా తోడుకోదు. రోలు పనికిరాదు, పొయ్యి పనికిరాదు. ఈ బండలు ఐసు గడ్డల్లాగా ఉన్నాయి. ఇట్లాంటి చోట ఎవరైనా ఏం చేస్తారు?”

అనేసి అట్లాగే నేల మీద కూర్చుండిపోయింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు. ఇంత చిన్న పని చేతకాలేదన్న సిగ్గు ఒకవైపు, తాత మీద కోపం ఒకవైపు. ఏదెక్కువో ఆమెకే తెలియలేదు.

తిప్పన్న ఈసారి సరే అని కూడా అనలేదు. మారెక్క వెళ్ళి మూత తీసుకుని, కడిగి, గిన్నె మీద పెట్టింది. ఇందుమతి పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

“పోనీలేమ్మా. లేచి రెండు ముద్దలు తిను. రాత్రి కూడా సరిగ్గా తినలేదు నువ్వు.”

పళ్ళెంలో సంగటి పెట్టింది. ఆమె తినేదాకా పక్కనే కూర్చుంది. తినడం అయ్యాక చెయ్యి కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు ఇచ్చింది.

చెయ్యి కడుక్కుంటూ ఇందుమతి ఇంటిని మొదటిసారి చూసింది. మూలన రాగుల గంప. దాని పక్కన గోనెసంచులు మడత పెట్టి ఉన్నాయి. దూలానికి ఉట్టి. పొయ్యి పక్కన అంబలి కుండ.

“మారెక్కా, మీ అంబలి రోజూ పులుస్తోంది కదా. ఇంత చలిలో ఎట్లా పులుస్తోంది?”

“పిండి కలిపి ఆ రాగుల్లో పెడతా. గింజల్లో గుంత చేసి, కుండ దాంట్లో దించి, పైన గోనెసంచి కప్పితే పొద్దునకు వెచ్చగా ఉంటాది.”

ఇందుమతి ఆమె వంక చూసింది. “పెరుగు కూడా అందులో పెట్టొచ్చు కదా?”

“నేనూ మొదటి తూరి అట్లనే అనుకున్నా,” అంది మారెక్క. “నీ కాగితం పక్కింటి కోడలు చదివి చెప్పింది. శుభ్రమైన బల్ల మీద పెట్టాలని రాసిండావంట. మాకు బల్ల లేదు. అందుకని అరుగు కడిగి దాని మీద పెట్టినా. మూడుతూర్లూ అట్లనే చేసినా.”

ఇందుమతి తిరిగి అరుగు వంక చూసింది. మెల్లగా అడిగింది. “వచ్చిన రోజే నాకు ఈ సంగతి చెప్పొచ్చు కదా?”

“నువ్వు చదువుకున్నదానివి. నీకు నేనేం చెప్పేది?”

ఆరోజు ఇద్దరూ కలిసి చేశారు. రోలు దగ్గర మారెక్క కూర్చుంది. ఆమె చెయ్యి తిరుగుతుంటే పిండి వెన్నలాగా వచ్చింది. మంట దగ్గర కూడా ఆమే కూర్చుంది. ఏ పుల్ల వెనక్కి లాగాలో, ఏది ముందుకు తొయ్యాలో ఆమె చేతికి తెలుసు. వేడి చూసింది ఇందుమతి. తొడిమలు వేసింది ఇందుమతి. గింజల్లో గుంత చేసి గిన్నె దించేటప్పుడు ఇద్దరూ చెరోపక్క పట్టుకున్నారు.

సోమవారం పొద్దున తిప్పన్న అడగలేదు. అడగకుండా చూస్తున్నాడు.

మారెక్క గోనెసంచి తీసింది. మూత ఇందుమతినే తియ్యమంది. గిన్నె వంచితే లోపలిదంతా ఒక పక్కకు మెల్లగా ఒరిగింది. పల్చగా ఉంది, కానీ తోడుకుంది.

దాన్నే మళ్ళీ కొత్త పాలకు తోడు వేశారు. మంగళవారానికి గట్టి పెరుగయింది. మారెక్క భర్త పళ్ళెంలో ముద్ద పెట్టి, గరిటెతో పెరుగు వేసింది. ఆయన వేలితో నాకి చూశాడు. సంగటిలో కలుపుకున్నాడు. తల వంచుకుని ముద్ద అంతా తిన్నాడు. తిని పళ్ళెం ముందుకు జరిపాడు.

“ఇంకొంచెం ఎయ్యి,” అన్నాడు.

మారెక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుండ వైపు తిరిగింది.

ఆ మధ్యాహ్నమే ఇందుమతి చిన్న ముంతలో పెరుగు తీసుకుని తకియాకు వచ్చింది. తాత కొర్రన్నం ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె ముంత పక్కన పెడితే, పెరుగు మొత్తం అన్నంలోకి వంచుకుని తినడం మొదలుపెట్టాడు. ఆమె ఎదురుగా కూర్చుంది.

సగం తిన్నాక అడిగాడు. “ఎన్నిరోజులు?”

“ఐదు.”

“మధ్యలో చెడిపోయిందా?”

“మూడుసార్లు చెడిపోయింది.”

“ఆ మూడుతూర్లూ మారెక్క నిన్నేమనింది?”

ఇందుమతి తల వంచుకుంది. తాత తినడం ఆపి ఆమె వంక చూశాడు.

“అన్నం తినమంది.”

తాత ముంత అడుగున మిగిలిన పెరుగు వేలితో తుడుచుకుని తిని, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.